కంచె ఉన్నా రైల్వే గేటు దగ్గర నుంచి బర్రెలు పట్టాల మీదికి పోతున్నాయి, ఏం అడ్డం పెట్టొచ్చు?

వేపచెట్టు (అడిగినవారు)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో రైలు లైను పక్కనే ఉన్న ఊరు. ఊరు ఒక పక్క, చెరువూ బీడు భూములూ ఇంకో పక్క, మధ్యలో పట్టాలు. వేగం పెరిగాక లైను పొడవునా హైవే పక్కన ఉండే రకం ఇనుప రేకు కంచె వేస్తున్నారు. మంచి పనే, దాని మీద నాకేం ఫిర్యాదు లేదు.

సమస్య గేటు దగ్గర. రోడ్డు పట్టాలను దాటే చోట కంచె ఆగిపోతుంది కదా. గేటు తెరిచాక మందను దాటిస్తుంటే ఒకటో రెండో బర్రెలు మధ్యలో పక్కకు తిరిగి కంకర మీద నడుచుకుంటూ లైను వెంట లోపలికి పోతాయి. పోయాక ఇటూ అటూ కంచె, బయటపడే దారి లేదు, బండి హారన్ కొడితే పక్కకు తప్పుకోవడం మాని పట్టాల వెంటే ముందుకు ఉరుకుతాయి. ఈ మధ్యే మా పక్కింటివాళ్ల చూడి బర్రె ఇట్లాగే పోయింది. ఆ ఇంటికి నెలకు వచ్చే డబ్బు అంతా ఆ పాల మీదే. డ్రైవరు కూడా ఎంత టెన్షన్ పడి ఉంటాడో, బండి చాలాసేపు ఆగింది.

రెండో సంగతి, పొలాలకు పోయే కాలిబాటల దగ్గర జనమే కంచె బోల్టులు ఊడదీసి సందు చేసుకుంటున్నారు. మనుషులకని చేసిన ఆ సందులోంచి దూడలు, గొర్లు దూరుతున్నాయి.

కరెంటు, కెమెరాలు, సెన్సార్లు కాకుండా ఇనుము, రాయి, కర్రతో అయ్యే సాదా ఉపాయాలు ఏమున్నాయో తెలిసినవాళ్లు చెప్పండి. అందులో ఊరివాళ్లం మేం చేసుకోగలిగేది ఏది, రైల్వేవాళ్లను అడగాల్సింది ఏది అన్నది కూడా.

---

యాదన్న_మంద

అన్నా, మాది గొర్ల కాపరుల ఇల్లు. ముందు ఒక మాట. ఎవరైనా బర్రె మెడకు గుదికర్ర కట్టమని చెప్తే లైను పక్క ఊళ్లో మాత్రం ఆ పని చేయకండి. పొలాల్లో పడి మేసే దొంగ గొడ్డుకు గుదికర్ర పనిచేస్తుంది, పరుగెత్తలేదు కాబట్టి. కానీ అదే గొడ్డు పట్టాల మీదికి వస్తే కర్ర రైలుకమ్మికి తట్టుకుని అక్కడే చిక్కుకుపోతుంది. ముందరికాళ్లకు బందం వేసినా అంతే. పట్టాల దగ్గర గొడ్డుకు కాళ్లు ఫ్రీగా ఉండాలి.

గొర్ల సంగతి వేరు. ఆ రేకు కంచె కింద సందు ఉంటుంది చూడండి, ఆవు బర్రె ఆగుతాయి కానీ గొర్రె తల వంచి దూరిపోతుంది, ఒకటి దూరితే మంద మొత్తం దాని వెనకే. కింది రేకు నుంచి నేల దాకా జాలి కట్టకపోతే గొర్లకు ఆ కంచె లేనట్టే లెక్క. మేకలకైతే జాలి కూడా చాలదు, కాపరి ఉండాల్సిందే.

ఇంకోటి, అవి అక్కడికి ఎందుకు పోతున్నాయో చూడండి. కట్ట పోసినప్పుడు మట్టి తీసిన గుంతలు లైను పక్కనే ఉంటాయి. వానాకాలం పోయినా వాటిల్లో నీళ్లుంటాయి, చుట్టూ పచ్చగడ్డి ఉంటుంది. ఎండాకాలం ఊరంతా ఎండిపోయినప్పుడు పచ్చగా కనిపించేది అదొక్కటే. మీ చెరువు వైపే ఒక నీళ్ల తొట్టి కట్టి రోజూ నింపితే, సగం గొడ్లు లైను వైపు తల తిప్పవు.

---

కీమ్యాన్_రిటైర్డ్

తమ్ముడూ, నేను ట్రాక్ మీదే ఉద్యోగం చేసి రిటైర్ అయినవాడిని. పశువు బండి కింద పడితే మా రికార్డుల్లో సీఆర్‌ఓ (క్యాటిల్ రన్ ఓవర్) అని రాస్తారు. ఆ కేసు వచ్చిన ప్రతిసారీ చూడటానికి మేమే పోవాలి, అందుకే నీ పోస్టు చదివి ఊరుకోలేకపోయాను, కాస్త వివరంగా రాస్తాను.

ముందు వేగం లెక్క. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. లోకోపైలట్‌కు గొడ్డు కనిపించేది మహా అయితే కొన్ని వందల మీటర్ల దూరంలో, వంపులో అయితే ఇంకా తక్కువ. బ్రేకు వేశాక బండి పూర్తిగా నిలబడటానికి కిలోమీటరు దాకా పడుతుంది. అంటే హారన్ కొట్టడం తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు. ఇంజను ముందు క్యాటిల్ గార్డు అని బలమైన ఇనప అడ్డు ఉంటుంది, అది పడిన పశువు చక్రాల కిందికి పోకుండా పక్కకు నెట్టడానికే, పశువును బతికించడానికి కాదు. చక్రం కిందికి పోతే ఏమవుతుందో చెప్పడానికి అందరూ తలచుకునేది స్కాట్లాండ్‌లో పోల్‌మాంట్ దగ్గర జరిగిన ప్రమాదం. 1984 జులై 30న ఇంజను వెనక నుంచి తోస్తూ, తేలికైన పెట్టె ముందు నడుస్తున్న బండి ఒక ఆవును గుద్ది పట్టాలు తప్పింది, 13 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఆవు లోపలికి వచ్చింది పాడైపోయిన కంచె సందులోంచే. కంచె ఎక్కడో ఒక్క చోట తెగిపోయినా ఏమవుతుందో దీన్ని బట్టి చూడు.

మన దగ్గర 2022 అక్టోబరు 6న ముంబై–గాంధీనగర్ వందేభారత్ అహ్మదాబాద్ దగ్గర గేదెల మందను గుద్ది ముందు ముక్కు ఊడిపోయింది, మర్నాడే ఆణంద్ దగ్గర ఇంకో ఆవు. ఆ తర్వాతే ముంబై–అహ్మదాబాద్ మధ్య 620 కిలోమీటర్లకు పైగా ఈ రేకు కంచె వేశారు. మీ దగ్గర వేస్తున్నదీ ఆ రకమే. రేకు మంచిదే, గేదె ఒళ్లు రుద్దుకున్నా వంగదు, ముళ్లకంచె లాగా గాయం చేయదు, ఒక ముక్క పాడైతే ఆ ముక్కే మార్చుకోవచ్చు.

ఇక నీ గేటు సంగతి. ఇది కొత్త సమస్య కాదు, రైలు లైన్లు వేసిన కాలం నుంచీ ఉన్నదే. దీనికి పాత మందు రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి రెక్క కంచె. లైను వెంట వచ్చిన కంచెను గేటు దగ్గర ఊరికే ఆపేయకుండా రెండు పక్కల నుంచీ పట్టాల వైపు తిప్పి, బండి తగలకుండా ఎంత దగ్గరికి తేవచ్చో అంత దగ్గరికి తేవాలి. ఆ దూరాన్ని నిర్ణయించేది ఇంజనీర్లు, దానికి కచ్చితమైన కొలతలున్నాయి. అప్పుడు తెరిచి ఉండేది పట్టాలు పోయేంత జాగా మాత్రమే. రెండోది, ఆ మిగిలిన జాగాలో నేల మీద పశువు కాలు పెట్టడానికి జంకే అడ్డు. పెద్ద కాలేజీల గేట్ల దగ్గర, ప్రభుత్వ ఆఫీసుల గేట్ల దగ్గర గుంత తీసి పైన ఇనప పైపులు పరిచి ఉంచుతారు చూడు, మనుషులు, బండ్లు పోతాయి, ఆవు ఆగిపోతుంది. సూత్రం అదే. గిట్ట జారుతుందని, కింద ఖాళీ ఉందని దానికి భయం.

అయితే పట్టాల మధ్య ఇది పెట్టడం అంత తేలిక కాదు, ఎందుకో తెలిస్తే నువ్వు అడిగేటప్పుడు సరిగ్గా అడగగలవు. పట్టాల మధ్య గుంత తీయలేం, కంకర కదిలితే లైను కుంగుతుంది. అందుకే గుంత కాకుండా పైన పరిచే పలకలు వాడాలి, వాటి పైభాగం కోసుగా గట్లు గట్లుగా ఉంటుంది, గిట్ట నిలవదు. ఇనప పలకలు వేస్తే ఇంకో చిక్కు. ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు ఇనుము తగిలిందంటే బండి ఎక్కడుందో పట్టాల ద్వారా పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ షార్ట్ అయి అక్కడ బండి ఉన్నట్టే లెక్కయి సిగ్నలు ఎరుపు చూపిస్తుంది. అందుకే కర్ర, రబ్బరు, గట్టి ప్లాస్టిక్ లాంటివి మేలు. మూడోది, కంకర సర్దే మిషను వచ్చినప్పుడు ఇవన్నీ ఊడదీసి మళ్లీ బిగించాలి, కాబట్టి బోల్టులతో సులువుగా ఊడేలా ఉండాలి. లేకపోతే ఒకసారి ఊడదీసినవి మళ్లీ పెట్టేవాడు ఉండడు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరు ఎంత మంచి మనసుతో చెప్పినా ఊరివాళ్లు పట్టాల మీద గానీ కంకర మీద గానీ ఏదీ పెట్టకూడదు. రాయి అయినా కర్ర అయినా సరే. పైన 25 వేల వోల్టుల తీగ ఉంది, ఇనప పైపులు నిలువుగా ఎత్తి పట్టుకుని లైను దగ్గరికి పోకూడదు. రైల్వే హద్దు రాయికి ఇవతల మీరేం చేసుకున్నా మీ ఇష్టం, అవతల మాత్రం వాళ్లే చేయాలి.

లోపల చిక్కుకున్న గొడ్డు గురించి రాశావు. కొన్ని దేశాల్లో కంచెలో బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు రెక్కలు పెడతారు. జింకలకైతే కంచె లోపలి వైపు మట్టి దిబ్బ పోసి, పైనుంచి బయటికి దూకేలా చేస్తారు. గేదె దూకదు, భయంలో రెక్కను తోసుకుని పోవాలనీ దానికి తోచదు. నా మాటైతే గేటుకు రెండు పక్కలా కాస్త దూరంలో కంచెలోనే ఒక చిన్న తలుపు, బయటికి తెరుచుకునేది, దాని గొళ్లెం గేటుమ్యాన్ తీయగలిగేలా ఉంటే చాలు. గొడ్డు లోపలికి పోయిందని తెలియగానే తలుపు తీసి బయటికి తోలొచ్చు. అంతకంటే ముందు గేటుమ్యాన్‌కు చెప్పాలి, ఆయన దగ్గర ఫోను ఉంటుంది, బండ్లను ఆపించగలిగేది ఆయనే. మీరే పట్టాల మీదికి దిగి తోలడానికి పోకండి, గొడ్డు కోసం పోయి మనిషి పోయిన కేసులు నాకు తెలుసు.

---

టెక్సాస్‌లో_మనోడు

పెద్దాయన చెప్పింది వందకు వంద నిజం. నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడ పశువుల పొలాలకు పోయే దారుల మీద గేటు బదులు ఈ పైపుల అడ్డే ఎక్కువ, దీన్ని కూడా క్యాటిల్ గార్డ్ అనే అంటారు, ఇంజను ముందు ఉండేది వేరు, ఇది వేరు. మామూలుగా 8 అడుగుల వెడల్పు ఉంటుంది, అంతకంటే తక్కువైతే గొడ్డు గెంతేస్తుంది. పైపుల మధ్య సందు మూడు నాలుగు అంగుళాలు. మరీ వెడల్పు పెడితే కాలు ఇరుక్కుని విరుగుతుంది, మరీ ఇరుకైతే నడిచేస్తుంది. పైపులు గుండ్రంగా ఉండటం మేలు, బల్లపరుపుగా ఉంటే గిట్టకు పట్టు దొరుకుతుంది.

దీని ప్రాణమంతా అడుగున ఉన్న ఖాళీలోనే ఉంది. గుంత మట్టితో, గడ్డితో పూడుకుపోయిందంటే పైపులున్నా లేనట్టే, ఆవు నింపాదిగా దాటేస్తుంది. మన వానలకు, మన ఎర్రమట్టికి ఒక్క సీజన్ చాలు పూడుకుపోవడానికి. కాబట్టి పెట్టించడం కంటే ఏటా వానల తర్వాత శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో ముందే రాయించుకోవడం ముఖ్యం.

ఇక్కడ కొన్ని రోడ్ల మీద గుంత, పైపులు ఏమీ లేకుండా తెల్ల చారలు మాత్రం గీస్తారు. ఆవు కళ్లకు ఆ చారలు లోతుగా ఉన్నట్టు అనిపించి ఆగిపోతుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. కానీ మందలో ఒక్కటి తెగించి దాటిందంటే మిగతావి కూడా నేర్చుకుంటాయి, అందుకే రైలు లైను దగ్గర ఇది ఒక్కటే నమ్ముకోవద్దు. మీ ఊరి దారుల మీద, హద్దు రాయికి ఇవతల, వేరే అడ్డుతో పాటు వాడుకోవచ్చు.

---

వేపచెట్టు (అడిగినవారు)

ముగ్గురికీ చాలా థాంక్స్. రెక్క కంచె అన్న మాట నాకు ఇంతవరకు తెలియదు, మా గేటు దగ్గర సరిగ్గా అదే లేదు, కంచె రోడ్డుకు చాలా ముందే ఆగిపోయింది.

కాలిబాట సంగతి ఎవరూ చెప్పలేదు. జనం బోల్టులు ఊడదీస్తున్నారని వాళ్లను తిట్టి లాభం లేదు, పొలం ఎదురుగా కనిపిస్తుంటే చుట్టూ తిరిగి గేటు దాకా ఎవరు పోతారు? ఇంకో పక్క అండర్‌పాస్ ఉంది కానీ వానాకాలం మోకాలి లోతు నీళ్లు, గొడ్లు అసలే దిగవు.

---

రమణమ్మ_పాలు

బాబూ, మాది నెల్లూరు వైపు, గేదెలే మా జీవనం. నువ్వు ఇప్పుడు చెప్పిన అండర్‌పాస్ నీళ్లే అసలు రోగం అని నా అభిప్రాయం. కాపలా లేని గేట్లన్నీ తీసేశారు, 2019 నాటికి బ్రాడ్‌గేజ్ మీద ఒక్కటి కూడా లేకుండా చేశారు, చాలా చోట్ల వాటి బదులు అండర్‌పాస్‌లు కట్టారు, మనుషుల ప్రాణాలు కాపాడే పనే అది. కానీ కింద నీళ్లు నిలిస్తే గేదె మడుగనుకుని అందులోనే పడుకుంటుంది, ఆవు దిగనే దిగదు, కాపరి ఏం చేస్తాడు, పైనుంచి తోలతాడు. కంచె ఎంత గట్టిగా వేసినా, దాటడానికి ఆరిన దారి ఒకటి లేకపోతే ఆ కంచె నిలవదు. ముందు నీళ్లు పోయే కాలువ, లేదంటే తోడే మోటారు కోసం గట్టిగా అడగండి. గొడ్ల గిట్టలు జారకుండా నేల కూడా గరుకుగా ఉండాలి, నున్నటి సిమెంటు మీద చూడి గేదె జారి పడితే అంతే సంగతులు.

మనుషుల దారికి మా ఊళ్లో మా హద్దులోనే ఒక ఏర్పాటు చేసుకున్నాం. పుంత దారి మీద రాతి కడీలు పాతి మెలికగా నడవా చేశాం. మనిషి ఒక పక్కకు తిరిగి, రెండడుగులు వేసి, మళ్లీ ఇటు తిరిగి బయటికి వస్తాడు. వెడల్పు ఒక మనిషి పట్టేంతే, మూరకు కాస్త ఎక్కువ. గేదె ఒళ్లు ఆ మెలికలో వంగదు, కొమ్ములు కూడా అడ్డం పడతాయి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు పోవాలంటే కడీలు నడుముకు కొంచెం పైదాకే ఉండాలి, ఆ మాట మర్చిపోకండి, లేకపోతే మళ్లీ వాళ్లే పక్కన సందు చేసుకుంటారు. గొర్లు, దూడలు దూరకుండా ఆ మెలికలో చిన్న తలుపు పెట్టాలి. కీలు కాస్త వాలుగా బిగిస్తే తలుపు దాని బరువుకు అదే వచ్చి మూసుకుంటుంది. స్ప్రింగులు పెట్టొద్దు, తుప్పు పట్టి రెండో ఏడాదికే తెరుచుకునే ఉంటాయి.

గొడ్లు పోయే పెద్ద దారికైతే రెండు కడీలకు బెజ్జాలు చేసి అడ్డకర్రలు దూర్చే పాత పద్ధతి ఉంది కదా, అదే. పొద్దున తీసి, గొడ్లు దాటాక మళ్లీ దూర్చాలి. బండి వచ్చే టైముకు మంద గేటు దగ్గర గుమిగూడకుండా దూరంగా ఆపడానికి అది బాగా పనికొస్తుంది. నీ సమస్యలో సగం అక్కడే ఉంది, గేటు తెరిచేసరికి మందంతా ఒక్కసారిగా తోసుకుంటే పక్కనున్నవి లైను వెంట జారుకుంటాయి. దూరంగా ఆపి కొన్ని కొన్నిగా వదిలితే కాపరి కళ్ల ముందే దాటతాయి.

ఇంకా ఖాళీ ఉన్న చోట కిత్తనార నాటండి. పాతకాలం రైలు కట్టల పక్కన వరసగా కనిపించేది అదే. నీళ్లు అక్కర్లేదు, గొడ్డు ముట్టదు. సర్కారు తుమ్మ మాత్రం వద్దు, దాని కాయలు తినడానికే గొడ్లు అక్కడికి పోతాయి, పైగా అడవిలా కమ్ముకుని డ్రైవరుకు లైను కనపడనీయదు.

---

కీమ్యాన్_రిటైర్డ్

రమణమ్మగారు చెప్పిన మెలిక దారి చాలా మంచి ఆలోచన, కానీ తమ్ముడూ, దాన్ని పట్టాలు దాటే చోట పెట్టమని అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఎందుకంటే అక్కడ మనుషులు దాటడమే నేరం, 1989 రైల్వే చట్టంలో 147వ సెక్షన్ అదే. దాన్ని అండర్‌పాస్ మొదట్లోనో, గేటు ముందు మీ ఊరి దారి మీదో పెట్టుకోండి. అదే చట్టంలో 16, 17 సెక్షన్లు కూడా చదవండి. లైను వేయడం వల్ల పక్క భూములవాళ్లకు రాకపోకలకు అడ్డం వస్తే దాటడానికి దారులు, కల్వర్టులు రైల్వేనే కట్టాలని 16 చెబుతుంది, అయితే లైను తెరిచిన పదేళ్ల లోపే అది అడగాలి. మీది ఎప్పటిదో పాత లైను కాబట్టి మీకు పనికొచ్చేది 17, అందులో అదనపు దారి కావాలంటే అడిగినవాళ్లు గానీ రాష్ట్ర ప్రభుత్వం గానీ ఖర్చు పెట్టుకోవాలి. పంచాయతీ తీర్మానం, ఎంపీ గారి నిధులు అనేవి అక్కడ పనికొస్తాయి.

మీరు అడగబోయే రెక్క కంచె, నేల మీది పలకలు, కంచెలో తలుపు, అండర్‌పాస్ నీళ్లు, ఇవి అలాంటివి కావు. ఉన్నదాన్ని సరిచేయమని అడగడమే కాబట్టి ధైర్యంగా అడగండి. అర్జీ పట్టాల పని చూసే పర్మనెంట్ వే సీనియర్ సెక్షన్ ఇంజనీరుకు ఇవ్వండి, నకలు డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకు పంపండి. అర్జీలో "మా ఊరి దగ్గర" అని రాస్తే అది ఫైల్లోనే ఉంటుంది. కరెంటు స్తంభాల మీద కిలోమీటరు నంబరు, గీత, దాని కింద స్తంభం నంబరు ఉంటాయి, గేటుకు కూడా నంబరు ఉంటుంది. కంచె ఎక్కడ ఆగింది, బోల్టులు ఎక్కడ ఊడాయి, పశువులు ఎక్కడ పడ్డాయి, ఒక్కోదానికి దగ్గరి స్తంభం నంబరు రాసి, కంచె బయట నుంచే ఫోటో తీసి పెట్టండి. ఆ నంబరు చూస్తే ఇంజనీరు ఆఫీసులో కూర్చునే ఆ చోటు గుర్తుపడతాడు, గ్యాంగు మర్నాడే పోయి చూడగలుగుతుంది.

కంచె తెగిన చోటు కనిపిస్తే అర్జీ దాకా ఆగకండి, 139కి ఫోను చేసి చెప్పండి, లేదా గేటుమ్యాన్‌కు చెప్పండి.

---

వేపచెట్టు (అడిగినవారు)

స్తంభాల నంబర్లు రేపు పొద్దున్నే కంచె బయట నుంచి రాసుకుంటాను. కడీలకు మా సర్పంచ్ ఒప్పుకున్నాడు, పాత దొడ్డివి కొన్ని పడి ఉన్నాయి, అవే వాడతాం. నీళ్ల తొట్టి చెరువు వైపు కట్టడానికి యాదన్న చెప్పినట్టు చోటు చూస్తున్నాం. రమణమ్మక్కా, మెలిక దారి కడీల మధ్య దూరాలు కొలిచి ఒక కాగితం మీద గీసి ఫోటో పెడతారా? మా మేస్త్రీకి చూపించాలి.